'తన్ను' జాతీయాల అనువాదం : ఒక విమర్శనాత్మక పరిశీలన

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు,
– ఒక జాతీయంలోని బొమ్మకూ, దాని భావానికీ ఉన్న తేడాను గుర్తించగలుగుతారు;
– 'తన్ను' క్రియతో ఏర్పడిన తెలుగు జాతీయాలను ఇంగ్లీషులోకి తెచ్చేటప్పుడు ఎదురయ్యే సమస్యలను వివరించగలుగుతారు;
– ఒక అనువాదం బాగుందో లేదో కారణాలతో చెప్పగలుగుతారు.

1. విషయ పరిచయం

పదానువాదం, భావానువాదం అంటే ఏమిటో ముందు పాఠాల్లో చదివారు. ఈ పాఠంలో ఒకే ఒక్క క్రియను తీసుకొని, ఆ సిద్ధాంతాలు మనల్ని ఎంత దూరం తీసుకువెళ్తాయో పరీక్షిద్దాం. ఆ క్రియ 'తన్ను'.

ఈ మాటనే ఎందుకు ఎంచుకున్నాం? కాలు అందరికీ ఉంది. తన్నడం తెలియని జనం లేరు. కాబట్టి ఈ మాటను ఏ భాషలోకైనా సులువుగా మార్చవచ్చని అనిపిస్తుంది. మార్చబోతే సులువు కాదని తెలుస్తుంది. పైగా ఈ చిన్న మాట అనువాదంలో తేడా వస్తే నిజంగా నష్టపోయే మనుషులున్నారు. అరకులోయ వంటి చోట్ల ఆ నష్టం ఎలా ఉంటుందో పాఠం చివరిభాగంలో చూస్తాం.

ముందు కొంచెం దూరం వెళ్దాం. స్పానిష్ భాషలో కాలికీ, తాపుకూ సంబంధించిన జాతీయాలు చాలా ఉన్నాయి. మనిషి చనిపోతే 'కాలు చాచాడు' అంటారు. పని ఇట్టే అయిపోతే 'రెండు తాపుల్లో అయింది' అంటారు. మనం 'చిటికెలో అయింది' అంటాం. వస్తువులు లెక్కకు మించి ఉంటే 'తాపులుగా ఉన్నాయి' అంటారు. మనకు అవి 'కుప్పలు తెప్పలు'. భాషను ఖూనీ చేసేవాడు వాళ్ళ లెక్కలో 'నిఘంటువును తన్నినవాడు'. ఓటమి ఖాయమని తెలిసినా ఆఖరి ప్రయత్నాలు చేసేవాడిని చూసి మెక్సికోలో 'మునిగిపోయినవాడి తాపులు' అంటారు.

ఈ చివరిదాన్ని ఇంగ్లీషులోకి మార్చేవారికి వెంటనే తట్టేది, మునిగేవాడు గడ్డిపోచను పట్టుకోవడమనే జాతీయం. మనకూ అటువంటి సామెత ఉంది. రెండింటిలోనూ నీళ్ళున్నాయి, మునిగే మనిషి ఉన్నాడు. అయినా రెండూ ఒకటి కావు. గడ్డిపోచలో మునిగేవాడి ఆశ కనిపిస్తుంది. తాపుల్లో గట్టు మీద నిలబడి చూసేవాడి ఎగతాళి వినిపిస్తుంది. బొమ్మ దాదాపు ఒకటే. చూసే చోటు మారింది. జాతీయాల అనువాదంలో ఎక్కువగా జారిపోయేది ఈ చూసే చోటే.

2. మూడు ప్రశ్నలు

ఒక 'తన్ను' జాతీయం ఎదురైనప్పుడు, 'దీనికి ఇంగ్లీషులో సమానమైన జాతీయం ఏది?' అన్న ప్రశ్నతో మొదలుపెట్టకండి. ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి:

(అ) తన్నింది ఎవరు?
(ఆ) తగిలింది ఎవరికి?
(ఇ) ఈ మాట అంటున్నది ఎవరు?

అనువాదంలో కాలు పోయినా ఫరవాలేదు. ఈ మూడు ప్రశ్నలకు మూలంలో వచ్చిన జవాబులే అనువాదంలోనూ రావాలి. ఈ పాఠం ప్రతిపాదించే కొలబద్ద ఇదే. దీన్ని కొన్ని ఉదాహరణల మీద పెట్టి చూద్దాం.

3. సామెతల్లో తన్ను

'తంతే బూరెల గంపలో పడ్డట్టు' అన్నది మీకు తెలిసిన సామెతే. కొన్ని ప్రాంతాల్లో బూరెల గంపకు బదులు గారెల బుట్ట వస్తుంది. దీనికి సాధారణంగా ఇచ్చే ఇంగ్లీషు సమానార్థకం 'ముసుగులో వచ్చిన దీవెన' అన్న అర్థం గల జాతీయం. కీడు మేలైంది కాబట్టి సరిపోయిందని అనిపిస్తుంది. మన మూడు ప్రశ్నలు వేయండి. దీవెనలో తన్నినవాడు లేడు. మన సామెతలో ఉన్నాడు. వాడికి కీడు చేయాలన్న ఉద్దేశం ఉంది. ఆ ఉద్దేశం వమ్మయింది. సామెతలోని నవ్వంతా తన్నినవాడి మొహం చూసి వచ్చినదే. గిట్టని ఉద్యోగిని శిక్షగా దూరప్రాంతానికి బదిలీ చేస్తే, అది అతని సొంత ఊరి పక్కనే అయిందనుకోండి. అప్పుడు మనం ఈ సామెత వాడతాం. అక్కడ 'దీవెన' అంటే బదిలీ చేసిన అధికారి తప్పించుకుపోతాడు. ఈ సామెతను బొమ్మతో సహా, తన్నినట్టూ బూరెల్లో పడ్డట్టూ, నేరుగా ఇంగ్లీషులో చెప్పడమే మేలు. పాఠకుడికి బూరె తెలియకపోయినా అది తీపి వంటకమని ఒక్క మాట చేర్చితే చాలు.

'పాలిచ్చే ఆవు తన్నినా భరించాలి' అన్న సామెతను చూడండి. మంచిచెడ్డలను కలిపి స్వీకరించాలన్న అర్థమిచ్చే ఇంగ్లీషు జాతీయంతో దీన్ని అనువదిస్తే మాట సాఫీగా ఉంటుంది కానీ విషయం చదునైపోతుంది. మూలంలో ఒకరి మీద ఒకరు ఆధారపడటం ఉంది. పాలు కావలసినవాడే తాపు తింటున్నాడు. ఇక్కడ మూడవ ప్రశ్న ముఖ్యం. కాఫీ, మిరియాలు పండించే ఒక కొండ రైతు, తనకు అప్పిచ్చి పంటను తక్కువ ధరకు తీసుకునే వ్యాపారిని గురించి ఈ సామెత చెప్పుకుంటే అది నిస్సహాయత. అదే సామెతను వ్యాపారి మనిషి ఆ రైతుకు చెబితే అది బెదిరింపు. మాట ఒకటే, నోరు మారింది. ఇంగ్లీషు వాక్యం మొదటి సందర్భంలో నిట్టూర్పులా, రెండవ సందర్భంలో హెచ్చరికలా వినపడాలి. ఒకే సమానార్థకం రెండు చోట్లా పనిచేయదు.

'తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడు' అన్నది మూడవది. చిన్న చేపను మింగే పెద్ద చేప ఉంటుందన్నట్టుగా ఇంగ్లీషులో చెప్పవచ్చు. పోటీ అర్థం వస్తుంది. కానీ చేప చేపను మింగడంలో అవమానం లేదు. తలను కాలితో తన్నడంలో ఉంది. పొరపాటున కాలు తగిలితే కళ్ళకద్దుకునే మర్యాద ఉన్న సమాజంలో పుట్టిన సామెత ఇది. గర్వపోతుకు జరగబోయే పరాభవం ఇందులో ముందే కనబడుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. తాడి మైదానపు చెట్టు. మన్యంలో కల్లుకు పేరుపడినది జీలుగు చెట్టు. ఈ సామెతను కొండ భాషల్లోకి తెచ్చేవారు తాడిని జీలుగుగా మార్చవచ్చా? మార్చవచ్చునని నా అభిప్రాయం. చెట్టు ఏదైనా ఎత్తుగా, గట్టిగా ఉంటే చాలు. తలను మాత్రం మార్చకూడదు.

కెప్టెన్ ఎం. డబ్ల్యు. కార్ 1868లో మద్రాసులో ప్రచురించిన తెలుగు సామెతల సంకలనం ఇంగ్లీషు శీర్షికలోనే మూడు పనులు కనిపిస్తాయి: అనువదించడం, ఉదాహరణలు చూపడం, వివరించడం. మాట మార్చినంత మాత్రాన సామెత చేరదని ఆ శీర్షిక ఒప్పుకుంటున్నది. మీరు కూడా ఒక సామెతకు ఇంగ్లీషు సామెతను పక్కన పెట్టినప్పుడు, అది పోలిక మాత్రమేననీ అనువాదం కాదనీ గుర్తుంచుకోండి.

4. బతికి ఉన్న బొమ్మ, అరిగిపోయిన బొమ్మ

అన్ని 'తన్ను'ల్లోనూ కాలు కనిపించదు. 'దుఃఖం తన్నుకొచ్చింది', 'కోడిపిల్లను గద్ద తన్నుకుపోయింది', 'అందంలో రంభను తలదన్నేలా ఉంది' అన్న వాక్యాలు చూడండి. వినేవాడి మనసులో ఇక్కడ తాపు మెదలదు. రంభ తలను ఎవరూ తన్నడం లేదు. వాడి వాడి అరిగిపోయిన బొమ్మలివి. వీటిని అనువదించేటప్పుడు కాలును బలవంతంగా బతికిస్తే నవ్వులపాలవుతాం. పొంగివచ్చింది, ఎత్తుకుపోయింది, మించిపోయింది అన్న అర్థాలిచ్చే మామూలు ఇంగ్లీషు క్రియలు చాలు.

అయితే అరిగినట్టు కనిపించి అరగనివి కొన్ని ఉన్నాయి. ఈ రెండు వాక్యాలు పోల్చండి:

(1) వాడు ఉద్యోగాన్ని కాలదన్నాడు.
(2) వాడు ఉద్యోగాన్ని కాలదన్నుకున్నాడు.

రెండింటిలోనూ ఉద్యోగం పోయింది. మొదటి వాక్యంలో మెచ్చుకోలుకు చోటుంది. వాడికి ఆత్మగౌరవం ఉంది కాబట్టి వద్దనుకున్నాడు. రెండవ వాక్యంలో మాట్లాడేవాడు తీర్పు చెప్పేశాడు. చేతికందిన అన్నాన్ని వాడు చెడగొట్టుకున్నాడని. ఆ తేడా అంతా 'కొను' అన్న సహాయక్రియలో ఉంది. విశాఖపట్నంలో ఉద్యోగం వదిలి అరకు దగ్గర సొంత ఊరికి తిరిగివచ్చిన యువకుడి కథ ఒకటి మీరు అనువదిస్తున్నారనుకోండి. ఊరివాళ్ళు 'కాలదన్నుకున్నాడు' అంటారు, అతను 'కాలదన్నాను' అంటాడు. ఇంగ్లీషులో రెండు చోట్లా 'వదిలేశాడు' అన్న ఒకే క్రియ పడితే కథలోని తగాదా మాయమవుతుంది. తిరస్కరించడానికి ఒక క్రియ, చేజేతులా పోగొట్టుకోవడానికి మరొక క్రియ వెతకాలి. జాతీయాన్ని అనువదించడమంటే కొన్నిసార్లు ఒక ప్రత్యయాన్ని అనువదించడమే.

5. సత్యభామ పాదం

సాహిత్యంలో 'తన్ను'ను గురించి మాట్లాడుతూ పారిజాతాపహరణాన్ని దాటిపోలేం. శ్రీకృష్ణదేవరాయల ఆస్థానకవి నంది తిమ్మన 16వ శతాబ్ది తొలిభాగంలో రచించిన కావ్యమిది. పారిజాత పుష్పం రుక్మిణికి దక్కిందని అలిగిన సత్యభామ, తన పాదాల మీద వాలిన కృష్ణుడి తలను ఎడమకాలితో తోసివేస్తుంది.

ఇక్కడ ఒక చిన్న విషయం గమనించండి. కథ చెబుతున్న కవి ఆ సందర్భంలో 'తన్నింది' అనలేదు. పక్కకు నెట్టివేయడం అన్న అర్థం గల క్రియ వాడాడు. తరువాత కృష్ణుడు మాట్లాడినప్పుడు మాత్రం 'తాచు' అన్న క్రియ వస్తుంది. అంటే తన్నడమే. దెబ్బ తిన్నవాడు దాన్ని తాపు అని ఒప్పుకొని, అది తనకు గౌరవమేనంటాడు. తన ఒంటి గగుర్పాటు ముళ్ళవలె ఆమె లేత పాదానికి గుచ్చుకొని నొప్పించిందేమోనని బాధపడతాడు. కవి మెత్తబరచిన మాటను నాయకుడు గట్టిగా పలికి, దాన్నే ప్రేమగా మార్చుకున్నాడు.

ఇంగ్లీషు అనువాదకుడు రెండు చోట్లా తన్నడానికి సంబంధించిన ఒకే క్రియ వాడితే మొదటి చోట సత్యభామ మొరటుదవుతుంది. రెండు చోట్లా నెట్టడానికి సంబంధించిన క్రియే వాడితే కృష్ణుడి చమత్కారం పోతుంది. మన మూడవ ప్రశ్న, 'ఈ మాట అంటున్నది ఎవరు?' అన్నది, కావ్యానువాదంలో కూడా ఎంత పనికివస్తుందో చూశారు కదా!

6. బయటినుంచి వచ్చిన తన్నులు

అనువాదం ఒకవైపే జరగదు. ఇంగ్లీషు నుంచి మనకు వచ్చినవీ ఉన్నాయి. ఫ్రాన్సిస్ గ్రోస్ 1785లో ప్రచురించిన వాడుకమాటల నిఘంటువులోనే చనిపోవడమన్న అర్థంతో 'కిక్ ద బకెట్' కనిపిస్తుంది. తెలుగులో అదే 'బాల్చీ తన్నేశాడు' అయింది. ఇది అచ్చమైన పదానువాదం. సిద్ధాంతం ప్రకారం విఫలం కావాలి. కానీ జనం నాలుక మీద నిలిచింది. ఎందుకు నిలిచిందంటే స్వరం సరిపోయింది. ఇంగ్లీషులో అది వేళాకోళపు మాట, తెలుగులోనూ వేళాకోళపు మాటే. పెద్దల మరణం గురించి రెండు భాషల్లోనూ ఎవరూ అలా అనరు.

'మునికోలకు ఎదురుతన్నడం' అన్న మాట మరొక ఉదాహరణ. అపొస్తలుల కార్యములు 26వ అధ్యాయంలోని ఈ పోలిక గ్రీకు మూలం నుంచి స్పానిష్‌లోకి, ఇంగ్లీషులోకి, తెలుగులోకి కాలు చెడకుండా వచ్చింది. ముల్లుకర్ర పోటుకు వెనక్కి తన్నిన ఎద్దు తన కాలికే దెబ్బ తగిలించుకుంటుంది. ఎద్దుతో దున్నే ప్రతిచోటా ఈ బొమ్మ వివరణ లేకుండా అర్థమవుతుంది. అరకు పొలాల్లోనూ అర్థమవుతుంది. ముల్లుకర్రను చూడని నగరపు పాఠకుడికే ఇప్పుడు వివరణ కావలసివస్తున్నది. అంటే బొమ్మను నిలబెట్టేది భాష ఒక్కటే కాదు, పాఠకుడి బతుకు కూడా.

ఇక 'కిక్కు'. ఇంగ్లీషులో తన్ను అన్న మాటకున్న అర్థాల్లో మత్తు, హుషారు అన్న అర్థాన్ని మనం ఎక్కువగా తెచ్చుకున్నాం. 2009లో ఆ పేరుతో వచ్చిన తెలుగు సినిమా కూడా ఆ అర్థం మీదే నడిచింది. 'జీలుగు కల్లులో కిక్కుంది' అన్న వాక్యాన్ని తిరిగి ఇంగ్లీషులోకి మార్చడం తేలిక. 'కల్లులో తన్ను ఉంది' అని తెలుగులో ఎవరూ అనరు. అరువు తెచ్చుకున్న మాట సొంత మాట చోటును ఆక్రమించలేదు. ఖాళీగా ఉన్న చోట కూర్చుంది.

7. కాగితం మీద తన్నులు

ఇప్పటివరకు చూసినవి సాహిత్యపు లాభనష్టాలు. ఇప్పుడు బతుకులోకి వద్దాం.

2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అరకు, దాని పరిసర కొండల్లో మూడు భాషా కుటుంబాలు పక్కపక్కనే ఉన్నాయి. కువి, కొండ భాషలు తెలుగులాగే ద్రావిడ కుటుంబానివి. గదబల్లో కొందరి భాష అయిన గుతోబ్ ముండా కుటుంబానిది. సంతలో వేర్వేరు తెగలవారు మాట్లాడుకునే ఆదివాసీ ఒడియా ఆర్యభాషా కుటుంబానిది. ఇక్కడ ఒక మనిషి తనకు జరిగిన అన్యాయాన్ని తన భాషలో చెబితే, అది తెలుగులో ఫిర్యాదవుతుంది. పై కోర్టుకు వెళ్ళేసరికి ఇంగ్లీషవుతుంది. అంటే ఒక బాధ రెండుసార్లు అనువాదమవుతున్నది.

తెలుగు కాగితంలో 'నన్ను చెట్టుకు కట్టి తన్నారు' అని ఉందనుకోండి. మన వాడుకలో 'తన్నులు' అంటే దెబ్బలు. కాలితోనే కానక్కరలేదు, చేతితో, కర్రతో కొట్టినా 'తన్నారు' అంటాం. ఇంగ్లీషు 'కిక్' కాలితో మాత్రమే. అనువాదకుడు నిఘంటువులోని మొదటి అర్థం తీసుకొని 'కిక్' అని రాశాడు. డాక్టరు సర్టిఫికెట్‌లో వీపు మీద కర్ర దెబ్బలున్నాయి. అవతలి న్యాయవాదికి అంతకంటే ఏం కావాలి? సాక్షి చెప్పినదానికీ గాయాలకూ పొంతన లేదంటాడు. సాక్షి అబద్ధం ఆడలేదు. అనువాదం అతనిచేత అబద్ధం ఆడించింది.

దీనికి తిరగబడ్డ తప్పు కూడా ఉంది. మనవాళ్ళు నిజంగా కాలి విషయం చెప్పదలచుకున్నప్పుడు 'కాలితో తన్నాడు' అని విడదీసి చెబుతారు. ఆ 'కాలితో' అన్న మాట నొప్పి గురించి కాదు, అవమానం గురించి. దాన్ని 'కొట్టాడు' అని క్లుప్తం చేస్తే నొప్పి మిగిలి అవమానం పోతుంది. షెడ్యూల్డు కులాలు, తెగలపై అత్యాచారాల నిరోధక చట్టం, 1989, దెబ్బలనే కాదు, పదిమందిలో ఉద్దేశపూర్వకంగా అవమానించడాన్ని కూడా నేరంగా చూస్తుంది. కాబట్టి అనువాదంలో కాలు పోతే నేరంలో సగం పోయినట్టే.

'మా పొట్ట మీద తన్నకండి' అని ఒక అర్జీలో ఉందనుకోండి. ఇక్కడ దెబ్బే లేదు. జీవనాధారం తీసేయవద్దన్న మొర అది. 'మా పొట్ట కొట్టకండి' అన్నా అదే. దీన్ని మాటకు మాట అనువదిస్తే అధికారి మీద దాడి ఆరోపణ అవుతుంది. ఒకే క్రియ ఒకచోట కర్ర దెబ్బ, ఒకచోట అవమానం, ఒకచోట ఆకలి.

మరి అనువాదకుడు ఏం చేయాలి? చెప్పిన మనిషి దగ్గర ఉంటే 'దేనితో?' అని అడగాలి. అడిగే వీలు లేకపోతే, కాలుకూ కర్రకూ కట్టుబడని సాధారణ క్రియ వాడి, మూలంలోని మాటను కింద సూచికలో యథాతథంగా ఇవ్వాలి. కావ్యంలో చమత్కారం కోసం తెగించవచ్చు, కాగితంలో తెగించకూడదు.

కొండ భాషల విషయంలో మనకు మంచి దారి చూపినవారున్నారు. గిడుగు వేంకట రామమూర్తి సవరల భాషను వారి నోటి నుంచే నేర్చుకొని, వారి పిల్లలకు బడులు పెట్టి, 1931లో సవర భాషా వ్యాకరణాన్ని, 1938లో నిఘంటువును వెలువరించారు. భద్రిరాజు కృష్ణమూర్తి 1969లో కొండ భాష మీద ప్రచురించిన గ్రంథంలో వ్యాకరణం, పదకోశంతో పాటు ఆ ప్రజలు చెప్పిన పాఠాలను కూడా చేర్చారు. జాతీయం జాబితాలో దొరకదు, మాటల మధ్యలో దొరుకుతుంది. అందుకే పాఠాలు కావాలి. మీలో అరకు, పాడేరు, ముంచంగిపుట్టు ప్రాంతాల నుంచి చదువుతున్నవారికి ఈ పనిలో నగరపు ఆచార్యుల కంటే ఎక్కువ అర్హత ఉంది. మీ ఇంట్లో పెద్దలు కాలు గురించి, తాపు గురించి ఎలా మాట్లాడతారో మీకు తెలుసు.

8. సారాంశం

'తన్ను' జాతీయంలో కాలు కంటే ముఖ్యమైనవి మూడు: తన్నినవారు, తగిలినవారు, చెప్పేవారు. బొమ్మ బతికి ఉంటే దాన్ని నిలపడానికి ప్రయత్నించాలి, అరిగిపోతే వదిలేయాలి. సమానార్థక జాతీయం దొరికినంత మాత్రాన అనువాదం పూర్తి కాదు. స్వరం, మర్యాద, అవమానం కూడా చేరాలి. న్యాయానికి సంబంధించిన కాగితాల్లో అందం కంటే కచ్చితత్వం ముందు. మంచి అనువాదం చదివినప్పుడు ఎవరికి నొప్పి కలిగిందో మనకు తెలియాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 'తంతే బూరెల గంపలో పడ్డట్టు' అన్న సామెతను 'ముసుగులో వచ్చిన దీవెన'గా అనువదిస్తే పోయేదేమిటి?
2. 'కాలదన్నాడు', 'కాలదన్నుకున్నాడు' అన్న క్రియల మధ్య అర్థభేదాన్ని సొంత వాక్యాలతో వివరించండి.
3. 'బాల్చీ తన్నేశాడు' అన్న పదానువాదం తెలుగులో ఎందుకు నిలిచిందో చర్చించండి.
4. మీ ప్రాంతంలో కాలుకు సంబంధించిన మూడు జాతీయాలను సేకరించండి. ఒక్కొక్కదానికి ముందు మాటకు మాట అర్థం, తరువాత భావం, ఆ తరువాత ఎవరు ఎవరితో ఏ సందర్భంలో అంటారో రాయండి. ఈ మూడూ రాసిన తరువాతే అనువాదం మొదలుపెట్టండి.